ఎనిమిదో కాలమ్

"సరుకు పుట్టిన ప్రాంతం, మ్యాపుతో సహా."
అక్కడ ఆగిపోయింది నా పెన్ను.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ అంచున
కూర్చున్నట్టూ కూర్చోనట్టూ గుబ్బల నూకరత్నం.
ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో ఏడు వంకాయలు.
కోడిగుడ్డు కన్నా చిన్నవి,
ఊదా మీద పాలచారలు,
ముచ్చిక దగ్గర ఇంకా పొగరు తగ్గని ముల్లు.

"గువ్వలంక వంకాయండి. ఆయ్.
కోస్తే నల్లబడదు, గింజ పంటికి తగల్దు.
నూనె తాగదండి,
తాగినా మళ్లీ కక్కేస్తాది."

రావులపాలెం సంతలో, రాజమండ్రి రైతుబజార్లో
ప్రతి బండీ ఆ పేరే అరుస్తోంది.
ఏ మందు కొట్టిన ఏ తోటలోదో,
లారీ దిగీ దిగగానే గువ్వలంకదైపోతోంది.
అందుకే ఈ దరఖాస్తు.
భౌగోళిక గుర్తింపంటూ వస్తే,
చెన్నైలో రిజిస్టర్లోకి పేరెక్కితే,
ఇంకెవరూ ఆ పేరు పెట్టి అమ్మడానికి లేదు.

బానే ఉంది.
"మీ ఊరెక్కడో చూపించమ్మా" అని
కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాను.
ఆకాశంలోంచి తీసిన గోదారి.
ఆవిడ వేలు కరకట్ట మీంచి దిగింది,
ఇసక మేట దాటింది,
పాయ నడిమధ్య నీలం మీద నిలబడింది.
"ఇదండీ మా రచ్చసావిడి.
ఇక్కడ మా మరిది కళ్లం.
ఇదేమో, నేను కాపరానికొచ్చి పడవ దిగిన రేవు."

తెర మీద నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఎనభై ఆరు వరదలో పడమటి పేట పోయింది.
ఆ తర్వాత ఏటా ఎకరమో, అరెకరమో.
రాత్రిళ్లు మంచాల మీద పడుకుని
గట్టు విరిగి ధబ్బున పడే చప్పుడు లెక్కపెట్టుకున్నారు.
మిగిలిన పద్నాలుగిళ్ల వాళ్లూ
గింజల్ని బూడిదలో కలిపి మూటకట్టి
పడవెక్కారు.
ఇప్పుడు కట్ట కింద పోరంబోకులో
చాపంత మడుల్లో కాస్తున్నారు.

తర్వాతి వాక్యం చదివి వినిపించాను:
"ఆ నేలకూ ఈ రుచికీ గల సంబంధమును నిరూపించవలెను."
"నేలాండీ?
ఈపాటికి అంతర్వేది దాటేసుంటాది."
నవ్వలేదావిడ.
పిల్లాడు ఏ క్లాసులో ఉన్నాడో చెప్పినట్టు చెప్పింది.

సంచి అడుగు నుంచి ఓ కాగితం తీసింది.
మామగారి తండ్రి నాడు
లంక మొత్తానికీ రాసిచ్చిన కౌలు చీటీ,
మడతల దగ్గర వెలుగు కనబడుతోంది.
తూర్పు: గోదావరి.
దక్షిణం: గోదావరి.
పడమర: గోదావరి.
ఉత్తరం: సదరు గోదావరి.
"హద్దులు సరిగ్గానే ఉన్నాయి కదండీ?"

ఉన్నాయి.
నాలుగు హద్దులూ చెక్కుచెదరలేదు.
లోపలికి కూడా అదే వచ్చి కూర్చుంది, అంతే.

పెన్సిల్‌తో "నది" అని రాశాను. చెరిపేశాను.
కాగితం మీద మచ్చ మాత్రం మిగిలింది,
అదీ ఓ చిన్న లంకలాగే ఉంది.
రేపు చూద్దాం లెమ్మని లేచాను.

అమలాపురం బస్టాండు బయట
ఓ కుర్రాడు తోపుడు బండి మీద
"గువ్వలంకా... గువ్వలంకా..."
కండక్టరు స్టాపు పేరు పిలిచినట్టు పిలుస్తున్నాడు.
దిగేవాళ్లెవరూ లేరు.

నూకరత్నం ఆగింది.
ఒక కాయ తీసి, ముచ్చిక గిల్లి, వాసన చూసి
"మనది కాదండి" అంది నాతో, మెల్లిగా.
నేను అతన్నేదో అనబోయాను.
ఈలోగా పావుకేజీ తూయించుకుంది.

ఒళ్లో అసలువి పెట్టుకుని
ఇవెందుకమ్మా అంటే,
"పిలుస్తున్నాడు కదండీ."

బస్సొచ్చింది.
కిటికీ పక్కన సర్దుకుని, ఎప్పట్లాగే,
కట్టకి ఇవతలున్న ఊరి పేరు చెప్పి
టిక్కెట్టు తీసుకుంది.